నలుగురి డేరా

"ముగ్గురం మనుషులం పోతున్నం, ముగ్గురి టెంటు చాలదా అమ్మా? దీనికింత లొల్లి ఏందే?"

"చాలదు. వానల పోతున్నరు. తడిసిన బట్టలు యాడ పెడ్తవ్, నీ నెత్తి మీదనా?"

"బయట పెడ్తం."

"బయట పెట్టనీకె ఇంక టెంటెందుకు? చెప్పులు, సంచులు, స్టవ్వు, గవన్ని గాలికి ఇడిచిపెడ్తవా?"

"రెండు రోజుల ముచ్చటమ్మా! నువ్వేమో ఆడనే కాపురం పెట్టేటట్టు మాట్లాడుతున్నవ్."

"రెండు రోజులని నీకోసం తక్కువ కురుస్తదా బిడ్డా వాన?"

ఇది పోయిన వానాకాలం మా లాల్‌దర్వాజా ఇంట్లో, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, నాకూ నా కొడుక్కూ నడిచిన వాదన. ఇవాళ పొద్దున కోడలు అటక దులుపుతూ పొడుగాటి ఆకుపచ్చ సంచి ఒకటి కిందికి దించి, "అత్తమ్మా, దీన్ని జర ఎండల పెట్టుండ్రి, వాసనొస్తున్నది" అనేసరికి ఆ మాటలన్నీ మళ్ళీ చెవుల్లో పడ్డాయి. మా గల్లీలో టెంటు అంటే పెళ్ళికో చావుకో ఇంటి ముందు వేసే షామియానా. ఈ సంచిలోది అది కాదు, గుట్టల మీద పడుకోవడానికి కొన్న డేరా. అనంతగిరి గుట్టల మీద వానలో రెండు రోజులు పడుకుంటే మనసు తేలికపడుతుందని మా వాడికి ఆఫీసులో ఎవరో చెప్పారట. మా ఇంటి పైకప్పు రెండు చోట్ల కారుతుంది, ఆ భాగ్యానికి అంతదూరం ఎందుకో నాకు తెలియలేదు. బోనాలు అయిపోయిన ఆ వారమే వాడికి సెలవు దొరికింది, మనవరాలికీ బడి లేదు. వాన ఉన్నా సరే పోవాల్సిందే అన్నారు.

డేరాల సంగతి నాకు తెలియనిది కాదు. మా ఇంటాయన బతికినన్నాళ్ళూ షామియానాలు కుట్టాడు. మధ్యాహ్నం పూట మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు, గదిలోనూ నడవలోనూ అంతా గుడ్డే. ఒక అంచు నేను పట్టుకుంటే ఇంకో అంచు ఆయన మిషన్ కింద ఉండేది. మధ్యలో ఎర్ర గుడ్డా పచ్చ గుడ్డా గుట్టగా పడి, ఒకరికొకరం కనిపించేవాళ్ళం కాదు, మాటలు మాత్రం వినబడేవి. "సూది దిగిన ప్రతి కాడ వానకు తొవ్వ చూపెట్టినట్టే" అనేవాడు. అందుకని వానల్లో పెళ్ళిళ్ళకు పోయే గుడ్డలకు కుట్ల పొడుగునా నేను మైనపు ముక్క రుద్దేదాన్ని. అన్నం కలుపుకుంటుంటే కూడా వేళ్ళకు ఆ వాసన వచ్చేది. ఊళ్ళో ఎన్నో పెళ్ళిళ్ళు మేం కుట్టిన గుడ్డ కింద జరిగాయి. నేను కూర్చుని తిన్నవి తక్కువ, పోతే చీరకూ ఆటోకూ ఖర్చని. ఆయన పోయాక మిషన్ అమ్మేశాం. నడవ ఖాళీ అయింది. మొదట్లో కొన్నాళ్ళు ఆ ఖాళీలో నడవాలంటే నాకు దారి తెలిసేది కాదు.

అందుకే డేరా కొనడానికి నేనూ వస్తానన్నాను. మా వాడు నవ్వాడు గానీ కాదనలేదు. బేగంబజార్‌లో టార్పాలిన్లూ తాళ్ళూ అమ్మే దుకాణానికి పోయాం. సేటు ముందుగా పసుపుపచ్చ డేరా ఒకటి తీసి గాల్లోకి విసిరాడు. అది దానంతటదే గొడుగులా విచ్చుకుంది. "దేఖో అమ్మా, ఏక్ మినిట్! ఫట్టున తెరుచుకుంటది" అన్నాడు.

"ఫట్టున తెరుచుకునేది ఫట్టున ఎగిరిపోతది సేటూ. పక్కకు పెట్టు."

తర్వాత తెచ్చినదాన్ని లోపలి వైపు తిప్పి కుట్లు చూశాను. పట్టీ అతికించి లేదు, వెలుతురుకు పట్టుకుంటే సూది బెజ్జాలు చుక్కల్లా కనిపించాయి. ఇంకోదానికి పైగుడ్డ టోపీలాగా నెత్తి వరకే ఉంది, ఏటవాలుగా కొట్టే వానకు అది ఏం అడ్డం? నాలుగోది నచ్చింది. కుట్లన్నిటి మీదా పట్టీ ఉంది. పైగుడ్డ నేల దాకా దిగింది. కింది గుడ్డ మందంగా ఉండి, పళ్ళెం అంచులా చుట్టూ జానెడు పైకి లేచింది, కింద నీళ్ళు పారినా లోపలికి రావు. కర్రలు వంచి చూస్తే వంగి మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి. తాళ్ళు కట్టే కొక్కేలు నాలుగు మూలలకే కాకుండా నడిమిన కూడా ఉన్నాయి. గాలి కొట్టేది నడిమినే. చేతిలో ఉన్న సీసా ఎత్తి దాని మీద నీళ్ళు పోశాను. "అరె అమ్మా, మాల్ ఖరాబ్ హోతా!" అని సేటు లేచి నిలబడ్డాడు. "నీళ్ళకు ఖరాబైతే వానకేమైతది?" అన్నాను. నీళ్ళు ముత్యాల్లా దొర్లి వాడి గల్లాపెట్టె మీద పడ్డాయి.

"ఇదే ఇయ్యి. నలుగురిది."

సేటు మమ్మల్ని చూసి, "నలుగురా?" అన్నాడు.

"ముగ్గురమే సేట్. అమ్మ యాడికి రాదు" అన్నాడు మా వాడు. ఎత్తిపొడుపు కాదు, ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పాడు.

తడిబట్టలకు చోటు కావాలని నేను ఆఖరు దాకా వాదించి నలుగురిదే కొనిపించాను. అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాయడానికి సిగ్గెందుకు? ఆ చోటు బట్టలకు కాదు, నాకు. ఇదివరకు వాళ్ళు యాదగిరిగుట్ట పోదామంటే బస్సు పడదన్నాను. నాగార్జునసాగర్ పోదామంటే ఇంటి తాళం గట్టిది కాదన్నాను. బస్సు పడకపోవడం అబద్ధం, తాళం మాట ఇంకా పెద్ద అబద్ధం. మనిషికొక టికెట్ దండగని నా బాధ. అట్లా అనీ అనీ, నేను రానన్నది ఇంట్లో అందరికీ గోడ మీద క్యాలెండర్‌లా అలవాటైపోయింది.

కొత్త డేరాను నమ్మకూడదు, ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడాలని పట్టుబట్టాను. ఆదివారం మధ్యాహ్నం డాబా మీద వేశారు. మేకులు దిగవు కాబట్టి తాళ్ళను ఇటుకలకు కట్టించాను. మూడింటికి వాన దంచి కొట్టింది. కారుతుందో లేదో చూస్తానని నేను లోపల దూరి జిప్పు పెట్టుకున్నాను. వేలు పెట్టి కుట్లన్నీ తడిమాను, ఎక్కడా చెమ్మ లేదు. చూడాల్సింది పది నిమిషాల్లో అయిపోయింది. అయినా బయటికి రాలేదు. ఒక అంచుకు ఒత్తిగిలి పడుకుని, పక్కన పిల్ల, ఆ తర్వాత కోడలు, తలుపు దగ్గర మా వాడు అనుకుంటూ చేయి చాపి చూశాను. అందరికీ సరిపోయింది. ఒకసారి మనవరాలు గొడుగేసుకుని వచ్చి, "నాయనమ్మా, లీకైతుందా?" అని అరిచింది. "ఇంకా చూస్తున్న, నువ్వు పో" అన్నాను.

బయలుదేరే ముందురోజు సాయంత్రం సంచులు సర్దుతూ ఆ పిల్లే అడిగింది, "నాయనమ్మా, నువ్వు గూడ రారాదే?" అని.

నేను ఎదురుచూసిన మాట అదే. నా నోరు మాత్రం నన్ను అడగకుండానే తెరుచుకుంది. "నాకేం పని లేదనుకున్నవా? పాలాయన వస్తడు, నల్లా వస్తది, నీళ్ళెవరు పడ్తరు?"

"సరే" అంది పిల్ల. "నాయనమ్మను సతాయించకే, ఆమెకు ఇష్టముండదు" అంది కోడలు వంటింట్లోంచి, నా మేలు కోరే.

మొదటిసారి కాదనడం మర్యాద, రెండోసారి అడిగితే ఒప్పుకోవడం లోకంలో ఉన్నదే. కానీ మా ఇంట్లో రెండోసారి అడగడం లేదు. అది లేకుండా చేసిందీ నేనే. వచ్చినవాళ్ళను ఛాయ్ తాగుతరా అని ఒక్కసారే అడుగుతాను, వద్దంటే గిన్నె దించేస్తాను. "మా వదిన ఇంట్ల మొదటిసారే అవునను, రెండో పిలుపు రాదు" అని మా ఆడబిడ్డ చుట్టాలందరికీ చెప్పిపెట్టింది. నా చేతుల్లో పెరిగినవాడు, నా వంటింట్లో కుదురుకున్న కోడలు, ఇంకెట్లా ఉంటారు? అయినా ఆ సాయంత్రం మడత పెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడత పెడుతూ అక్కడే తిరిగాను. సంచుల జిప్పులు పెట్టేసి అందరూ పడుకున్నారు.

తెల్లవారి ఐదింటికే స్నానం చేసి, పెట్టె అడుగున ఉన్న నెమలికంఠం రంగు చీర కట్టుకున్నాను. తువ్వాలు, మందుల డబ్బా చేతిసంచిలో వేసుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నాను. మా వాడు డేరా సంచి భుజాన వేసుకుని కారు దాకా రెండుసార్లు తిరిగాడు. కోడలు నన్ను చూసి ఆగింది.

"గింత పొద్దుగాల్నే గుడికా అత్తమ్మా?"

"ఆఁ, గుడికే" అన్నాను.

"మా పేరు మీద గూడ దండం పెట్టుండ్రి."

వాళ్ళు పోయారు. తలుపుకు తాళం వేసి నేను గుడికి పోయాను. ఇంకా తెరవలేదు, బయట మెట్టు మీద కూర్చున్నాను. వాన మొదలైంది. తలుపులు తీశాక పూజారి ఎవరెవరి పేరు మీద అర్చన అని అడిగాడు. ముగ్గురి పేర్లు చెప్పాను.