వాగును తిప్పిన మొగిలవ్వ

మా వాగు ఎటు పారాలో మా నాయనమ్మ మొగిలవ్వను అడిగే పారుతుంది. నమ్మనివాళ్లు చందుర్తి మీదుగా మా ఊరికి వచ్చి చూసుకోవచ్చు. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని నేను. కానీ ఈ ఒక్క పాఠం మాత్రం ఎవరికైనా చెప్పగలను.

అది అన్నల కాలం, నక్సలైట్లు ఊళ్లలో తిరిగే రోజులు. నేనింకా పుట్టలేదు. వాగొడ్డున మా ఈతవనం, దాని వెనక మా బావి, ఆ బావి మీదే ఇల్లంతా బతకడం. తాత దేవయ్య చెట్లు గీసేవాడు, నాయనమ్మ కల్లు అమ్మేది. ఒక చలికాలం పొద్దున ఎస్సై జీపు దిగి, అన్నలు ఈ వనంలోనే దాక్కుంటున్నారు, చెట్లన్నీ కొట్టేయండన్నాడు.

“ఈత ముండ్లల్ల ఎవడు పంటడు సారు? నువ్వొక్క రాత్రి పండి చూడు,” అన్నది నాయనమ్మ. తాత కొంగు పట్టి లాగినా ఆగలేదు. “గీ చెట్లు పోతే ఒడ్డు పోతది. ఒడ్డు పోతే నా బాయి పోతది. నువ్వు తవ్విస్తవా?”

“నోరు మూస్కో. లేకుంటే జీపెక్కిస్త.”

సాయంత్రానికి ఒడ్డు మీద మోకాలెత్తు మొద్దులే మిగిలాయి.

ఊరి అవతల తాటిచెట్లు ఉన్నాయి కాబట్టి కల్లు ఆగలేదు. నాయనమ్మ అక్కడ కూర్చుని కొత్త కట్టుబాటు పెట్టింది. వానలు పడేలోపు ఒడ్డు నిలవాలి. వావిలి కొమ్మ గుచ్చితే చాలు, వేరు పడుతుంది. అందుకని ఒడ్డున కొమ్మ నాటి వచ్చినవాడికే కల్లు.

“ఇదేం పంచాయితి వదినా, గొంతెండుతున్నది!” అని మొత్తుకున్నాడు ఆమె మరిది సాయిలు.

“నా ఒడ్డు కూలుతున్నది, నీ గొంతుకేమైతది? కొమ్మ పెట్టి రాపో.”

ఈ సంగతి విని ఎస్సై మళ్లీ వచ్చాడు. “ఎవరి కోసమే ఈ పొదలు?”

“నా బాయి కోసం. అన్నలొచ్చినా నువ్వొచ్చినా గంతే. కొమ్మ పెడితేనే కల్లు.”

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఎస్సై ఎందుకోగాని జీపెక్కి వెళ్లిపోయాడు.

నాయనమ్మ ప్రతివాడి చేతికంటిన మట్టి చూసి కల్లు పోసేది. అక్కడే బోల్తా పడింది. ఒడ్డు గట్టి మొరం. కల్లు కోసం ఉరికేవాడు గడ్డపార ఎందుకు ఎత్తుతాడు? అందరూ వాగు నడిమి తడి ఇసుకలో కొమ్మ గుచ్చి, చేతులు చూపించి తాగారు. మొదటి మబ్బు పట్టిననాడు వెళ్లి చూసి ఆమె తిట్టిన తిట్లు నేను రాస్తే ఈ కాగితం కాలిపోతుంది.

వరద వచ్చింది. నాయనమ్మ బావి గట్టు దిగలేదు. వాగు కొమ్మలన్నిటినీ పెకిలించి మా ఒడ్డుకే తోసింది. అవి మొద్దులకు చిక్కుకున్నాయి. వాటికి చెత్త, చెత్తకు ఇసుక పట్టి గట్టులా లేచింది. నీళ్లు తగ్గాక చూస్తే వాగు బావికి దూరంగా జరిగింది. చిక్కిన కొమ్మల్లో సగం చిగురించాయి.

నిన్న ఇదంతా ఆమెకు చదివి వినిపించాను.

“వాగును నువ్వే తిప్పినవని రాసిన నాయనమ్మా, మంచిగున్నదా?”

“నేనేడ తిప్పిన్నే పోరీ? మొద్దులు పోలీసోళ్లయి, కొమ్మలు తాగుబోతులయి, ఇసుక వాగుది. నేను తిట్టిన. మళ్ల నరకొస్తే మళ్ల తిడత. గది రాయి.”