టెంకాయ లేవని చోటు

మా హైస్కూల్లో ఆ ఏడు చర్చకు పెట్టిన విషయం నన్నడిగి పెట్టలేదు. అడిగి ఉంటే వేరేది చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతి పిల్లలంతా కలిసి ఊళ్ళో నలుగురూ ఒక మాట మీద లేని సైన్సు విషయం ఒకటి పట్టుకోవాలి. మేమే విచారించి, మేమే పరీక్ష చేసి, చివరకు వేదికెక్కి అవుననే పర, కాదనే విరోధ అని రెండు పక్షాలుగా వాదించాలి, మాది కర్ణాటక కాబట్టి కన్నడంలో. మేష్ట్రు చేతులు కట్టుకుని చూస్తారు, అంతే. గ్రహణం రోజు అన్నం తినొచ్చా అని ఒకమ్మాయి అంది. నీలగిరి చెట్లు భూమిలో నీళ్ళన్నీ తాగేస్తాయా అని ఇంకొకడు అన్నాడు. సగం మంది ఇళ్ళలో నీలగిరి తోపులున్నాయి కాబట్టి ఆ మాట అక్కడే ఆగిపోయింది. అప్పుడు వెనక బెంచీలో ఎవరో టెంకాయతో నీళ్ళు చూడటం నిజమా అబద్ధమా అన్నారు. క్లాసంతా తిరిగి నా మొహం చూసింది.

మా తాత నీళ్ళు చూసేవాడు. బాగేపల్లి తాలూకాలో, మిట్టేమరి చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు మా ఇంటికి వచ్చేవాళ్ళు. తాత చెప్పులు విడిచి, పిలక ఉన్న టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని పొలమంతా నడిచేవాడు. కింద నీళ్ళుంటే కాయ తనంతట తాను లేచి నిలబడుతుందని మాట. లేచిన చోట రాయి పెట్టేవాళ్ళు, దాన్ని పాయింటు అంటారు. బోరు లారీ వచ్చిన రోజు ఆ టెంకాయనే పూజలో కొట్టి ఒక చిప్ప మా ఇంటికి పంపేవాళ్ళు, అవ్వ దాన్ని చట్నీ చేసేది. తాతకు ఊళ్ళో ఉన్న మర్యాదంతా ఆ కాయదే. అది తీసేస్తే ఆయన ఎండిన పొలం ఉన్న ఇంకొక ముసలాయన, మా వైపు అట్లాంటి వాళ్ళకు కొదవ లేదు. మా సొంత పొలంలో ఆయన చూపిన చోటల్లా దుమ్మే లేచింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని అవ్వ ఎగతాళి చేసేది.

చీటీలు వేస్తే నాకు విరోధ పక్షం వచ్చింది. మేష్ట్రు నన్ను పక్కకు పిలిచి మార్చుకుంటావా అని అడిగారు. నాకు మార్చుకోవాలనీ అనిపించలేదు, ఉంచుకోవాలనీ అనిపించలేదు. ఆ ఏడంతా నేనట్లాగే ఉన్నాను. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, ఒళ్ళంతా అట్లా. కారణం అడిగితే చెప్పలేను. ఆ వయసులో కొందరికి కోపం వస్తుంది, కొందరికి ప్రేమ వస్తుంది. నాకు ఏదీ రాలేదు.

ఆ సాయంత్రం తాత మల్బరీ ఆకు కోస్తున్నాడు. వెళ్ళి చెప్పాను.

"ఏ పక్క వచ్చింది పాపా?"

"విరోధ, తాతా. టెంకాయ అబద్ధమని చెప్పల్ల."

తాత కొడవలి ఆపి నవ్వాడు. "చెప్పు. ఏ పక్కయితే ఏముండాది? గెలిచేది మన పాప కావల్ల, అంతే."

విచారణ అని మేం చేసింది ఇంటింటికీ తిరగడం. మీ బోరు పాయింటు ఎవరు చూశారు, నీళ్ళు పడ్డాయా లేదా అని అడిగేవాళ్ళం. నీళ్ళు పడిన వాళ్ళు పిలవకముందే బయటికొచ్చి మా తాత పేరు చెప్పేవాళ్ళు. పడని వాళ్ళు మాత్రం ఎవరు చూశారో గుర్తు లేదనేవాళ్ళు, లేకపోతే భూమిలోనే నీళ్ళు లేనప్పుడు ఎవరేం చేస్తారనేవాళ్ళు. పడినవన్నీ తాత ఖాతాలోకి, పడనివన్నీ భూమి ఖాతాలోకి పోతున్నాయని నాకు అప్పుడు అర్థమైంది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే కాయ లేస్తుందని ఇంకో నమ్మకం ఉంది. మా క్లాసులో ఆ రక్తం వాళ్ళందరి చేతుల్లో టెంకాయలు పెట్టి బడి మైదానంలో నడిపించాం. ఒకడికి నడక మొదలుపెట్టకముందే లేచింది. వాడు అంతకు ముందు రోజే భూమిలో బాత్రూము ట్యాంకు ఎక్కడుందో చూసొచ్చి, దాని మీదే నిలబడ్డాడని తేలింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టే ఉంది.

అసలు పరీక్ష ఆలోచన నాది. బోరు వేసి చూడటం మా వల్ల అయ్యే పని కాదు. కాబట్టి బడి వెనక బీడులో తాత ఒకసారి మామూలుగా నడవాలి. కాయ లేచిన చోటల్లా మేం సున్నం గుర్తు వేస్తాం. తర్వాత కళ్ళకు గుడ్డ కట్టుకుని మళ్ళీ నడవాలి. కింద నిజంగా నీళ్ళుంటే కాయ మళ్ళీ ఆ గుర్తుల మీదే లేవాలి. ఇంతేనా అన్నారు మేష్ట్రు. ఇంతేనని తాతకు చెబితే ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

"సరిగ్గానే ఉండాది. నేల మారదు, చెయ్యి మారదు. కండ్లు మూస్తే ఏమి? నీళ్ళు కండ్లకి కనపడేది కాదు గదా."

శనివారం బడి వదిలాక ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. మొదటి నడకలో కాయ మూడు చోట్ల లేచింది. పర పక్షం పిల్లలు సంబరంగా సున్నం వేశారు. తాత తన తువ్వాలు తానే విప్పి ఇచ్చాడు, మేష్ట్రు కళ్ళకు కట్టారు. వేరే పిల్లలు పట్టుకుంటే రాళ్ళ మీదికి తోస్తారని తాత నన్నే రమ్మన్నాడు. పర పక్షం వాళ్ళూ ఒప్పుకున్నారు. నేను సైగ చేస్తే ఓడేది నేనే కదా అని వాళ్ళ లెక్క. మేష్ట్రు మొబైల్లో వీడియో తీస్తున్నారు.

తాత మోచెయ్యి పట్టుకుని నడిపించాను. మొదటి గుర్తు దగ్గరికి వచ్చాం. ఆయన పాదం సున్నంలో పడింది. కాయ అరచేతిలో పడుకునే ఉంది. నా వేళ్ళు ఆయన మోచేతి మీదే ఉన్నాయి, కొంచెం నొక్కితే చాలు, తెలుసుకునేవాడు. ఆ ఆలోచన వచ్చింది, పోయింది. గదిలోంచి వెళుతూ ఫ్యాను ఆపాలా అనుకున్నంత సేపు. నొక్కలేదు. రెండో గుర్తూ దాటాం. దాని తర్వాత ఏమీ లేని చోట, పల్లేరు ముళ్ళ మధ్యలో, కాయ టక్కున లేచి నిలబడింది. తాత మొహం వెలిగింది. "ఈడ," అన్నాడు. మూడో గుర్తు మీదా కాయ కదల్లేదు.

తువ్వాలు విప్పాక ఆయన ముందు నేల చూశాడు. గుర్తుల మీద తన అడుగులున్నాయి. కాలి కింద సున్నం అంటుకుని ఉంది. మేష్ట్రు దగ్గరికి వెళ్ళి, "అది ఒకసారి చూపీప్పా," అన్నాడు. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మొత్తం చూశాడు. "ఇంగోసారి ఎయ్యి," అన్నాడు. రెండోసారీ చూశాక ఫోను తిరిగిచ్చి, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు.

ఇంటికి నడుస్తూ ఒకే మాటన్నాడు. "నేను ఎవురికీ అబద్ధం చెప్పలేదు పాపా. చెయ్యే నాకి చెప్పింది."

నేను అవునన్నాను. బాధపడాల్సిన చోటని తెలుసు. బాధ రాలేదు.

బడిలో మా పక్షం గెలిచింది, బాగేపల్లిలో తాలూకా స్థాయిలోనూ గెలిచాం. తర్వాత చిక్కబళ్ళాపురంలో జిల్లా స్థాయి. అక్కడ మా విషయం మీదే పర పక్షం వాదించింది చింతామణి నుంచి వచ్చిన జట్టు. వాళ్ళలో ఒకబ్బాయి, వాళ్ళ ఊళ్ళో టెంకాయ చూపిన చోటే నీళ్ళు పడి టమాటా తోట బతికిందని గొంతు పూడుకుపోయేలా చెప్పాడు. హాల్లో సగం మంది తలలు ఊపారు. నేను లేచి, పడని బోర్ల గురించి ఎవరూ గొంతు పూడుకుని చెప్పరు కాబట్టి మనకు అవి వినబడవని చెప్పాను. మా బీడులో జరిగిన పరీక్ష చెప్పాను. మా తాత అనలేదు, ఒక హిరియరు అన్నాను. తీర్పరుల్లో ఒకాయన, ఆ పెద్దాయన ఎవరమ్మా అని అడిగాడు. మా తాత అన్నాను. అప్పుడు చప్పట్లు ముందుకంటే గట్టిగా వచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంటిని ఓడించి రచ్చ గెలిచాను. కప్పు చేతికిస్తే దాని అడుగున ధర చీటీ పీకకుండా ఉంది, దాన్ని గోటితో గీకుతూ బస్సులో కూర్చున్నాను.

నేననుకున్నది తాత ఆ కప్పును గూట్లో పెట్టి ఊరుకుంటాడని. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఊరంతా తిరిగాడు. పాల డెయిరీ దగ్గర, టీ అంగడి దగ్గర, బస్సు కోసం నిలబడిన వాళ్ళ దగ్గర. "మా పాప జిల్లాకే ఫస్టు వచ్చింది. ఏమని చెప్పి వచ్చింది తెలుసునా? టెంకాయ ఉత్త అబద్ధమని. నన్నే నడిపించి చూపించింది." చెప్పి నవ్వేవాడు. వినేవాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. తర్వాత నవ్వు ఆపి టీ గ్లాసు వైపు చూసుకునేవాళ్ళు. అవ్వ తలుపు దగ్గరే నిలబెట్టి కడిగేసింది.

"నీ పరువు నువ్వే సంతలో పెట్టి అమ్ముకొస్తివి గదా."

"పాప గెలిచింది చెప్పేకి పోతిని. ఏమని గెలిచిందంటే ఏం చెప్పల్ల?" అన్నాడు తాత.

ఆ వారంలోనే పక్క పొలం మామ వచ్చాడు. మాకు చుట్టం కాడు, వరసకు అట్లా పిలుస్తాను. ఆయన పొలంలో తాత చూపిన పాయింట్లన్నీ ఎండిపోయాయి. ఒక్క నాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు వాకిట్లోనే నిలబడ్డాడు, అవ్వ పీట వేసినా కూర్చోలేదు.

"అయితే మా బోర్లు, పెద్దనాయనా?"

తాత కూడా లేచి నిలబడ్డాడు. "నాకి తెలిసిండ్లేదప్పా. తెలిసింటే చూపిస్తానా నీకి?"

మామ దొడ్లో ఆవు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన తిడతాడనుకున్నాను, వెళ్ళిపోతాడనుకున్నాను. రెండూ చేయలేదు.

"సరేలే. రేపు పొద్దున్నే వచ్చి ఇంగో పాయింటు చూడు."

"ఇప్పుడే చెప్తిని గదరా, అది అబద్ధమని."

"నిజమో అబద్ధమో. యాడో ఒక చోట తొవ్వల్ల గదా. టమాటా పూత మీదుండాది. నా అంతట నేను ఈడ తొవ్వండని లారీ వాండ్లకి ఎట్ల చెప్పేది?"

మా చర్చలో ఈ మాట ఎక్కడా రాలేదు. మేం దాన్ని ప్రశ్నగానే అనుకోలేదు. తాత నా వైపు తిరిగాడు. ఊళ్ళో ఎవరికి నీళ్ళు పడతాయో చెప్పిన మనిషి పదిహేనేళ్ళు నిండని నన్ను అడిగాడు.

"ఏం పాపా, పోనా?"

"వద్దు తాతా," అన్నాను. ఆలోచించి అన్నది కాదు. అబద్ధమని తేలిన పని చేయకూడదు, అంతే. ఈ రోజు అడిగినా ఆ పరీక్ష తప్పని చెప్పను.

తాత వెళ్ళలేదు. మామ నాగరగెరె వైపు నుంచి ఇంకొకాయన్ని పిలిపించాడు, ఆయన వేప పుల్లతో చూసేవాడట. పాయింటు పెట్టి, టిఫిను తిని, ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. మరుసటి పొద్దున బోరు లారీ వచ్చింది. మా అరుగు మీద కూర్చుంటే పొలం కనిపిస్తుంది. తాత పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాడు, అన్నానికి పిలిచినా లేవలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి కూడా అట్లాగే ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

తెల్లటి రాతి దుమ్ము లేస్తూనే ఉంది. తడి తగిలితే దుమ్ము ఆగి బురద రావాలి. రాలేదు. గొట్టం మీద గొట్టం దిగుతున్న చప్పుడు మా ఇంటి దాకా వినబడుతోంది. లారీ వాళ్ళు తమిళంలో ఏదో అరుచుకుంటున్నారు. వాళ్ళకు దూరంగా, మోకాళ్ళ దాకా దుమ్ములో, మామ ఒక్కడే నిలబడి ఉన్నాడు. తల మీది తువ్వాలు కూడా తెల్లబడిపోయింది. వాళ్ళావిడ పిల్లల్ని తీసుకుని ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయిందని అవ్వ చెప్పింది.

కాసేపటికి చప్పుడు ఆగింది. గొట్టాలు ఒక్కొక్కటే పైకి లాగుతున్నారు. మామ కదల్లేదు.

"నువ్వు పోయి చూసింటే కూడా ఎండేదే తాతా," అన్నాను. ఓదార్చడానికి అన్నానో, గెలవడానికి అన్నానో నాకు తెలియదు.

"అవును పాపా, ఎండేదే," అన్నాడు తాత, పొలం మీది నుంచి చూపు తిప్పకుండానే. "వాని పక్కన నేను నిలబడుండేవాణ్ణి."