గోదావరికి మందెవరు వేశారు?

ఆ వారం మా ఊళ్లో కండ్లకలక తిరుగుతోంది. ఇంటింటికీ వెళ్లినది నన్ను మాత్రం మర్చిపోతుందా? సోమవారం పొద్దున్న లేచేసరికి రెండు కళ్లూ మిరపపళ్లలా ఉన్నాయి. మా అమ్మ పెరట్లో నందివర్ధనం పూలు కోసుకొచ్చి, "కళ్ల మీద పెట్టుకుని కాసేపు పడుకోరా, చల్లగా ఉంటుంది" అంది. రొయ్యల ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నవాణ్ని. పూలతో వైద్యం చేయించుకుంటే నా డిగ్రీ ఏమైపోవాలి? మందుల షాపుకు వెళ్లి కంట్లో వేసుకునే ఆయింట్‌మెంటు క్యాప్సూళ్లు తెచ్చుకున్నాను. కొన చించి కంట్లో పిండుకోవడం, చూపు మసకబారినప్పుడల్లా కళ్లజోడు పైకి తోసి రెప్పలు తుడుచుకోవడం. సెలవు పెట్టి ఉండవలసింది. రొయ్యలు పట్టే రోజులు కదా అని పెట్టలేదు.

మా ల్యాబు పని చెప్పుకోవడానికి చిన్నదే. చెరువులో రొయ్యలు పట్టుబడికి వచ్చాక, కొనే కంపెనీ లారీ పంపే ముందు, నిషేధించిన మందులేవైనా వాటిలో మిగిలి ఉన్నాయేమో చూసి కాగితం ఇస్తాం. కాగితం బాగుంటే లారీ వస్తుంది. బాగోకపోతే ఆ చెరువు వైపు ఎవరూ తొంగిచూడరు. మేం వెతికేది నూరు కోట్లలో ఒక పాలు. వినడానికి గొప్పగా ఉంటుందని పెళ్లిళ్లలో పక్క కుర్చీవాళ్లకు ఈ మాట చెబుతుంటాను.

ఆ సోమవారమే ఒక రైతుగారు శాంపిల్ తెచ్చారు. కాలువ చివరి ఊరు, కౌలుకు తీసుకున్న మూడెకరాల చెరువు. వెంట ఆయన బామ్మర్ది. గట్టు మీద పాక వేసుకుని ఉండి, మేత చల్లేదీ, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకునేదీ అతనే. వాళ్ల తొందరేమిటో రాగానే చెప్పారు. పక్క చెరువులో తెల్లమచ్చ వైరస్ దిగింది. గట్టు దాటి ఇవతలికి వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో చెరువంతా పోతుంది.

"చచ్చిన రొయ్య కోసం అవతలి చెరువు మీద కాకులు వాలుతున్నాయండి. మా వైపు వాలేలోపు పట్టేయాలి. మీ కాగితమొక్కటే ఆలస్యం" అన్నారు రైతుగారు.

"సాయంత్రానికి ఇచ్చేస్తానండీ" అన్నాను. ఇచ్చాను కూడా, వాళ్లు కోరుకున్నది కాదు.

మా పరీక్షలో లెక్క తిరగబడి ఉంటుంది. ప్లేటులోని చిన్న గుంటల్లో పసుపు రంగు ముదురుగా వస్తే రొయ్యలో మందు లేనట్టు, వెలిసిపోతే ఉన్నట్టు. ఆయన శాంపిల్ వేసిన గుంటలు రెండూ వెలవెలబోయాయి. వాటిని చూసి నేనూ వెలవెలబోయాను. క్లోరాంఫెనికాల్. రొయ్యల చెరువుల్లో పూర్తిగా నిషేధించిన మందు.

"మా చెరువులోనా?" అన్నారాయన. "ఆ పేరే వినలేదండి. మీ మిషను ఏదో తేడాగా ఉంది."

"మిషను అబద్ధం చెప్పదండీ" అన్నాను, దాన్ని నేనే కని పెంచినట్టు.

మర్నాడు అదే శాంపిల్ మళ్లీ చూశాను. అదే ఫలితం. చెరువు నుంచి కొత్త రొయ్యలు తెప్పించి, స్వయంగా వలిచి, ముక్కలు చేసి, తూచి, మళ్లీ చూశాను. అదే. పక్క గుంటలో శుభ్రమైన రొయ్య రసం మాత్రం బంతిపువ్వులా పసుపుగా వచ్చింది. మందు లేదని ముందే తెలిసిన రొయ్యను కూడా ప్రతి శాంపిల్‌తో పాటు చూడాలి. మన చేతిలో తప్పుంటే అది పట్టిస్తుంది. రోజూ కొత్తగా వలవడానికి బద్ధకించి, నెలకొకసారి ఒకేసారి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మా ల్యాబు అలవాటు. ఆ రసం బాగా వచ్చింది కాబట్టి నా చేతిలో తప్పు లేదని నిబ్బరంగా సంతకం పెట్టాను.

ఈ రెండో కాగితం చేతికివ్వగానే మా వాకిట్లోనే రైతుగారు బామ్మర్ది చొక్కా పట్టుకున్నారు.

"ఏం కలిపావురా మేతలో?"

"ఏం కలపలేదు బావా. అక్క మీద ఒట్టు."

"నువ్వు అక్క మీద ఒట్టేస్తే పోయేది నా పెళ్లాంరా! నిజం చెప్పు."

"నిజం చెబితే నమ్మవు. అబద్ధం చెప్పమంటావా?"

చెంప మీద దెబ్బ చప్పుడు లోపలికి వినిపించింది. బామ్మర్ది చొక్కా సర్దుకున్నాడు. నా వైపు ఒకసారి చూసి, బండి తీసుకుని వెళ్లిపోయాడు. నేను కళ్లు తుడుచుకున్నాను. కలక వల్లే.

మూడో రోజు పొద్దున్నే రైతుగారు ఒక్కరే వచ్చారు. థర్మాకోల్ పెట్టెలో ఐసు, ఐసులో తలలు తీసిన రొయ్యలు.

"ఆఖరిసారి చూడండి. నాలుగు కాకులు మా గట్టు మీదకొచ్చి కూర్చున్నాయి. ఇంకా నీళ్లలోకి దిగలేదు. చూస్తున్నాయంతే."

ఆయన బల్ల మీద కూర్చున్నారు. టీ తెప్పిస్తానంటే వద్దన్నారు. నేను లోపలికెళ్లి వలిచాను, తూచాను, ప్లేటు వేశాను. గుంటలు నీళ్లలా తేలిపోయాయి. బయటికి వచ్చి, ఎలా చెప్పాలో తెలియక నేల చూస్తూ చెప్పాను.

"అదేనండీ. ఈసారి ఇంకా ఎక్కువ."

ఆయన లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు.

"ఇవి మా చెరువు రొయ్యలు కావండి."

"మరి?"

"తెల్లారి రేవులో కొన్నాను. గోదావరిలో వల వేసి పట్టినవి. మీరు పోలుస్తారేమోనని అమ్మినావిడ చేత తలలు తీయించాను. ఇప్పుడు చెప్పండి. గోదావరికి మందెవరు వేశారు?"

కళ్లు బాగున్న రోజయితే తల లేకపోయినా పోల్చేవాణ్నే. ఆ మాట చెప్పుకునే సమయం కాదది. మాటలు విని లోపలి నుంచి మా ల్యాబు మేడమ్ వచ్చారు. వివరమంతా విని నా వైపు తిరిగారు.

"మూడు రోజులూ రొయ్యలు వలిచిందెవరు?"

"నేనేనండి."

"ఇప్పుడేం చేశావు?"

"ఎప్పుడండి?"

"ఇప్పుడే. కళ్లజోడు పైకి తోసి కన్ను తుడుచుకున్నావు. కంట్లో ఏం వేస్తున్నావయ్యా?"

జేబులోంచి క్యాప్సూళ్లున్న చిన్న సీసా తీసిచ్చాను. దాని మీది అక్షరాలు చీమ కాళ్లలా ఉన్నాయి. ఆవిడ చదివి, సీసాను రైతుగారికిచ్చారు. ఆయన చేయి చాచి దూరంగా పట్టుకుని, కూడబలుక్కుని పైకి చదివారు. "క్లో... రాం... ఫెనికాల్." రెండు రోజుల్లో ఆయనకు ఆ పేరు బాగానే అలవాటైంది. మా పరీక్ష కిట్ పెట్టె మీద పదకొండేళ్లుగా చదువుతున్న నేను, కంట్లో పిండుకునేటప్పుడు మాత్రం చదవలేదు.

నా గ్లౌజులు పూతరేకంత పల్చన. అవి తొడిగిన వేళ్లకు మందు, తొడిగాక తోసిన కళ్లజోడుకు మందు. నూరు కోట్లలో ఒక పాలు వెతికే చోట నేను బొట్లు బొట్లుగా పట్టుకొచ్చాను. మిషను అబద్ధం చెప్పలేదు. రొయ్య పేరు పెట్టి నా సంగతి చెప్పింది. ఫ్రిజ్‌లో రసం, నా కళ్లు బాగున్న నెలలో తీసినది, నన్ను చక్కగా కాపాడింది.

చెరువు నుంచి మళ్లీ రొయ్యలు రావాలి. బామ్మర్ది ఫోన్ ఎత్తలేదు. రైతుగారి భార్య వెళ్లి ఏం చెప్పి ఒప్పించారో, మధ్యాహ్నానికి అతను సంచి తెచ్చి, నన్ను దాటుకుని వెళ్లి మేడమ్ చేతికిచ్చాడు. నన్ను అద్దాల తలుపు బయట కూర్చోబెట్టి ఆవిడే పరీక్ష చేశారు, రేవు రొయ్యను కూడా కొత్తగా వలిచి. బల్లకు ఈ చివర నేను, ఆ చివర రైతుగారు, బయట బండి మీద బామ్మర్ది.

"చెయ్యి చేసుకున్నానండి వాడి మీద" అన్నారు రైతుగారు, నాతోనో గోడతోనో. మధ్యలో ఫోన్ మోగింది. విని పెట్టేశారు. "ఒక కాకి నీళ్లలోకి దిగిందట."

సాయంత్రం నాలుగు దాటాక మేడమ్ ప్లేటును అద్దానికి ఆనించి చూపించారు. రెండు వరసలూ పసుపుగా, ముదురుగా. రైతుగారు దాన్ని చూడలేదు. అప్పటికే బయటికి నడిచి బండి దగ్గర నిలబడ్డారు. బామ్మర్ది వెనక్కి జరిగి చోటిచ్చాడు.

తెల్లవారేసరికి లారీ గట్టు మీదుంది. ఎవరూ రమ్మనకపోయినా వెళ్లాను. మొదటి వలలోనే తల మీద తెల్లమచ్చలున్న రొయ్యలు రెండు వచ్చాయి. మరో రోజు ఆగి ఉంటే లారీతో పని ఉండేది కాదు. నా వల్ల ఆగిన రెండు రోజులూ ఆ రెండు రొయ్యల్లో కనిపించాయి.

బామ్మర్ది గుండెలోతు నీళ్లలో వల పట్టుకుని ఉన్నాడు. దగ్గరగా చూద్దామని గట్టు మీంచి వంగి చేయి చాచాను. అతను వల నాకు అందకుండా అవతలికి లాక్కున్నాడు.

"ముందు చేతులు కడుక్కోండి మాస్టారూ."

ఎవరూ నవ్వలేదు. కాలువ మెట్లు దిగి కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి అతను నా చేతుల వైపు చూసి, "మోచేతుల దాకా" అన్నాడు. మళ్లీ దిగాను.