నేను విప్పిన జాలీ

మా అన్న కుడిచేతి మూడు వేళ్లు పోయిన రోజు నేను అతనికి పది అడుగుల దూరంలోనే ఉన్నాను. సూరత్‌లో అమ్రోలీ దగ్గర ఒక సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, అన్న నేత పని, నేను మరమ్మతు పని చేసేవాళ్లం. అన్న ఒక్కడే ఎనిమిది సాంచెలు చూసుకునేవాడు. తెగిన పోగును అతను ముడి వేస్తే, ఆ ముడి గుడ్డ మీద వెతికినా దొరికేది కాదు.

మోటారు నుంచి సాంచెను తిప్పే బెల్టు మీద ఇనుప జాలీ ఉంటుంది. చేయిగానీ బట్టగానీ లోపలికి పోకుండా దాన్ని నాలుగు బోల్టులతో బిగిస్తారు. ఆ వారం అన్న సాంచెల్లో ఒకదాని బెల్టు మాటిమాటికీ జారుతోంది. జారినప్పుడల్లా నాలుగు బోల్టులు విప్పాలి, మళ్లీ బిగించాలి. రెండో రోజుకే నాకు విసుగు పుట్టింది. జాలీ విప్పి గోడకు ఆనించి పెట్టాను. సాయంత్రం బిగిద్దాంలే అనుకున్నాను. మరునాడు సాయంత్రం కూడా అలాగే అనుకున్నాను.

అన్న ఒకసారి చెప్పాడు కూడా. "జాలీ ఎక్కియ్యి తమ్మీ. గట్ల తెరిచి పెడితే మంచిది గాదు."

"ఎక్కిస్త తియన్నా. మళ్ల జారితే మళ్ల ఇప్పాలె గదా" అన్నాను.

ఆ మర్నాడు, అన్నాలకు ఇంకా గంట ఉందనగా, ఆ సాంచె బెల్టు తిరిగే చక్రానికి ఏవో పోగులు చుట్టుకున్నాయి. సాంచె ఆపి తీయాలని అందరికీ తెలుసు. ఆపితే నేత తగ్గుతుందని ఎవరూ ఆపేవాళ్లు కాదు. అన్న కూడా ఆపకుండానే చెయ్యి పెట్టాడు. అతని అరుపు నాకు వినిపించలేదు. ఆ చప్పుడులో ఎవరి అరుపూ వినిపించదు. వంగిన మనిషి ఎంతసేపటికీ లేవకపోతే తలతిప్పి చూశాను. పరుగెత్తి మోటారు ఆపాను.

అన్నను ఆటోలో ఎక్కించి ముందు పంపారు. తెగిన వేళ్లను ఐసులో పెట్టి తెస్తే అతుకుతారని ఎప్పుడో విన్నాను. సాంచె కింద వెతికి తీసి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, బయట చెరుకురసం బండి దగ్గర ఐసు అడిగాను. రసం అమ్మేవాడు నా చేతులు చూసి, ఏమీ అడగకుండా ఐసు సంచిలో పోసి ఇచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆ మూట విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. నలిగిపోయినవి అతకవన్నాడు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

మర్నాడు కార్ఖానా యజమాని శేఠ్ వచ్చాడు. మంచం పక్కన నిలబడి, జాలీ ఎవరు తీశారని హిందీలో అడిగాడు. చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ఈలోపు అన్న కళ్లు తెరవకుండానే అన్నాడు.

"మైనే ఖోలా, శేఠ్."

నేనే తీశానని. వదిన నా వైపు చూడలేదు. ఆమెకు ఏమీ తెలియదు. శేఠ్ మనిషి కాగితం రాసుకొచ్చాడు, పనివాడి అజాగ్రత్త వల్ల జరిగిందని. అన్న ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు. కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను.

కోసాడ్‌లో మా ఇళ్లు ఒకే మెట్ల మీద, కిందా పైనా. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కానీ అన్నను కుంగదీసింది పుండు కాదు, అన్నం. ఎడమచేత్తో తినడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. వదిన కలిపి ముద్దలు పెడితే గోడ వైపు తిరిగి నోరు తెరిచేవాడు. పిల్లలు గదిలో ఉంటే ఆకలి లేదనేవాడు. మా వాళ్ల పెళ్లికి పిలిస్తే వచ్చి, అక్షింతలు వేసి, బంతిలో కూర్చోకుండా వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో చేతికి కసరత్తు నేర్పే అమ్మాయి శనగలు ఏరమంది. ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలోకి, ఆ రెండు వేళ్లతోనే. అన్న తలుపు వేసుకుని ఏరేవాడు. శనగలు నేలమీద రాలిన చప్పుడు నాకు కింద ఇంట్లోకి వినిపించేది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుని, బొటనవేలూ చిటికెనవేలూ కలిపి పప్పన్నం ముద్ద ఎత్తాడు. సగం ఒళ్లో పడింది. మిగతా సగం నోట్లోకి పోయింది. వదిన వంటింట్లోకి వెళ్లి నల్లా తిప్పి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఆ వారమే ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే బస్సులో అడిగాను.

"అన్నా, జాలీ తీసింది నేను గదా. నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. "ఇద్దరం ఇంట్ల కూసుంటే పిల్లలకు ఏం పెడ్తం? గప్పుడు నాకు గదే తోచింది."

"నా తప్పుకు నీ చెయ్యి పాయె."

"సాంచె ఆపకపోవుడు నా తప్పు. జాలీ నీ తప్పు. ఇగ ఊకో."

నా మీద కోపం లేదని మాత్రం అనలేదు. ఈ రోజు వరకూ అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు శేఠ్ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. అతను విని, కాగితం అయిపోయింది కదా, ఇప్పుడు ఎందుకు అన్నాడు. ఉద్యోగం కూడా తీయలేదు. తీసినా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఆ వారం షెడ్డులో అన్ని సాంచెలకూ జాలీలు బిగించాను. జాలీ లేని సాంచెకు మోటారు వేయనివ్వను. బోల్టులు విప్పడం ఆలస్యమని పనివాళ్లు గొణుగుతారు. వాళ్లకు అన్న సంగతి చెబుదామని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేస్తాను.

అన్న ఇప్పుడు కతర్‌గామ్ దారిలో ఒక గోదాములో గుడ్డ పరీక్షించే పని చేస్తున్నాడు. వెలుతురు బల్ల మీద థాను, అంటే చుట్ట గుడ్డ, జరుగుతూ ఉంటే, చెడిపోయిన చోట ఎడమచేత్తో సుద్దగీత గీస్తాడు. మొన్న వదినకు జ్వరమొస్తే టిఫిను నేను పట్టుకెళ్లాను. అన్న ఒక చోట థాను ఆపి, వంగి చూసి, గీత గీశాడు. ఎవరి గుడ్డ అని అడిగాను.

"మన షెడ్డుదే. ఎవడో కొత్తోడు నేస్తున్నడు. పోగు తెగినా చూస్కుంటలేడు. జర చెప్పు."

చెబుతానన్నాను. అతను టిఫిను అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, నాకు వీపు పెట్టి కూర్చుని తినసాగాడు.