కంబాలకొండలో ఫ్లైక్యాచర్ల కోసం ఒక ముసురు పొద్దు

"శ్రీనూ, కొండ ఖాళీ అయిపోనాదిరా. ఒక్క పిట్టా కూయట్నేదు. ఈ ఏడు నువ్వు రానక్కర్నేదు" అని మా బావ సూర్యారావు ఫోన్‌లో చెప్పాడు. అందుకే బయలుదేరాను. బావకు విశాఖపట్నం సీతమ్మధారలో మందుల షాపు ఉంది. మా అక్కను పెళ్ళి చేసుకున్న కొత్తలో నన్ను కంబాలకొండ అడవికి తీసుకెళ్ళి పిట్టల పిచ్చి అంటించింది ఆయనే. చలికాలం రాగానే నేను రాజమండ్రి నుంచి వెళ్ళడం, ఇద్దరం కలిసి ఫ్లైక్యాచర్లను వెతకడం మాకు అలవాటు. ఎగిరే ఈగల్నీ దోమల్నీ గాల్లోనే పట్టి తినే చిన్న పిట్టలివి. వీటిలో కొన్ని ఏడాదంతా ఇక్కడే ఉంటాయి, కొన్ని చలికాలంలో ఉత్తరాది నుంచి దిగి వస్తాయి. అవి లేవని బావ అంత నిబ్బరంగా చెప్పడంతో నాకు భయం వేసింది.

సాయంత్రం రైలెక్కితే మూడున్నర గంటల్లో విశాఖ చేరాను. సముద్రంలో వాయుగుండం పట్టి ఊరంతా ముసురుగా ఉంది. పొద్దున్నే సీతమ్మధారలో ఆటో మాట్లాడుకున్నాం. హనుమంతవాక మీదుగా హైవే ఎక్కి అడవి గేటు దాకా రెండొందలు అడిగాడు డ్రైవరు.

"ఈ ముసురులో కొండకేటి సార్? టూరిస్టులందరూ రుషికొండ ఎల్తన్నారు" అన్నాడు అద్దంలో చూస్తూ.

"సూడ్డానికి అక్కడేటీ నేదు బాబూ. ఈడొకసారి కళ్ళారా సూసుకుంటే గానీ నమ్మడు" అన్నాడు బావ.

గేటు దగ్గర టికెట్లు తీసుకుని చెరువు పక్క నుంచి లోపలికి నడిచాం. బోటింగు రేవులో ఎవరూ లేరు. ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి, కింద నేల మెత్తగా కుంగుతోంది. బావ ముందు నడుస్తూ, అటు బిల్డింగులు లేచాయనీ, ఇటు హైవే లైట్లు రాత్రంతా వెలుగుతున్నాయనీ, ఇంకా పిట్టలెందుకు ఉంటాయనీ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకొచ్చాడు. ఆయన ఎప్పుడూ బైనాక్యులర్ ముందు ఎత్తడు. చెవితో పిట్ట ఎక్కడుందో పసిగట్టి, ఆ తర్వాతే కళ్ళకు పని చెబుతాడు. ఆ రోజూ అలాగే ఆగి ఆగి, తల పక్కకు వంచి విని, "ఏటీ నేదు" అంటూ మళ్ళీ కదిలాడు.

వాగు మలుపు దగ్గర వెదురు పొద ఉంది. అక్కడ కూర్చున్న కాసేపటికే ఒక ఎండుకొమ్మ మీంచి మట్టిరంగు పిట్ట ఒకటి ఎగిరి, గాల్లో చటుక్కున దేన్నో పట్టుకుని మళ్ళీ అదే కొమ్మ మీదకు వచ్చి వాలింది. ఫ్లైక్యాచర్‌ను గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు ఇదే. ఎగిరిన చోటికే తిరిగి వస్తుంది, వాలితే నిటారుగా కూర్చుంటుంది. పెద్ద కన్ను, దాని చుట్టూ తెల్లటి వలయం, కింది ముక్కు మొదట్లో పసుపు. గోధుమరంగు ఫ్లైక్యాచర్ అది. తోకను పైకి ఎగరేస్తూ, తోక మొదట్లో రెండు వైపులా తెలుపు చూపించి ఉంటే ఎర్రగొంతు జాతి కావచ్చని చూడాలి. పొడుగాటి తెల్లతోకతో ఊగే పిట్టను కూడా ఇంగ్లీషులో ఫ్లైక్యాచర్ అనే అంటారు గానీ, అది వేరే కుటుంబానిది.

"ఒకటుందిరా!" అన్నాడు బావ. ముఖం కాస్త విప్పారింది. "ఇది ఎలాగూ పెద్దగా కూయదు. నీలిది ఉండాల, ఇదే వాగులో. అదే నేదు."

ఆయన ఆ మాట అంటుండగానే వినిపించింది. సన్నటి తీగ మీటినట్టు, పై నుంచి కిందికి జారే నాలుగైదు స్వరాలు. నీలి ఫ్లైక్యాచర్ పాట. బావ ఏమీ అనలేదు. నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను, పేరు నేను చెప్పేదాకా అలా ఊరుకోవడం ఆయనకు మామూలే. మళ్ళీ పాడింది. బావ వేరే వైపు, చెరువు కేసి చూస్తున్నాడు.

"అదుగో బావా, నీ నీలి పిట్ట."

"ఏది?"

"కూస్తోంది కదా, ఆ వెదురు వెనకాల."

"ఏటి కూత? నాకేటీ ఇనపడట్నేదు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. చెయ్యి చాచి చూపించాను. ఆయన బైనాక్యులర్ ఎత్తాడు. నాకు మామూలు కంటికే కనిపిస్తోంది. వీపంతా ముదురు నీలం, గొంతూ రొమ్మూ నారింజ, పొట్ట తెలుపు. గొంతు కూడా నీలంగా ఉంటే అది మరో జాతి. ఈ నారింజ గొంతు చూశాక ఇక అనుమానం లేదు.

"కూసినప్పుడు వేలెత్తు" అన్నాడు బావ, కళ్ళు తీయకుండానే.

పాడినప్పుడల్లా వేలెత్తాను.

"నోరు తెరుత్తంది" అన్నాడు మెల్లగా. "గొంతు ఆడతంది. నాకేటీ నేదురా శ్రీనూ."

కాకి అరుపు వినిపిస్తోంది, హైవే మీద లారీ హారన్ వినిపిస్తోంది, నా మాట వినిపిస్తోంది. సన్నటి శబ్దాలు మాత్రమే, ఆయనకు తెలియకుండానే పోయాయి. షాపులో ఎంతమందికో చెవి చుక్కలు ఇచ్చిన మనిషి, తన చెవుల్ని అనుమానించకుండా అడవినే అనుమానించాడు. "పిట్టలున్నాయి బావా, అది సంతోషమే కదా" అన్నాను. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది.

"ఉన్నాయి. మంచిదే" అని బైనాక్యులర్ దించి, పైకండువాతో దాని అద్దాలు చాలాసేపు తుడిచాడు. "మీ అక్కకి సెప్పకు. నానే సెప్తాను."

తిరుగుదారిలో హనుమంతవాక దగ్గర ఓ పాకహోటల్లో ఆగాం. ఇడ్లీ వడ్డిస్తూ హోటలావిడ బైనాక్యులర్ చూసి, "ఏటి బాబూ, పిట్టలు కనపడ్డాయేటి?" అని అడిగింది.

"కనపడ్డాయమ్మా" అన్నాడు బావ. ఇడ్లీ సగంలో వదిలేసి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వారమే చెవుల డాక్టరుకు చూపించాడు. వయసుతో వచ్చేదేనట, మిషన్ పెట్టుకుంటే మాటలు స్పష్టమవుతాయి గానీ అంత సన్నటి పాట తిరిగి వినిపిస్తుందన్న హామీ లేదన్నారట. మళ్ళీ ఎప్పుడు వెళ్దామని అడిగితే చూద్దాం అంటున్నాడు. ఆ ఉదయం నేను తప్పకుండా వెళ్ళాలనుకున్నాను, వెళ్ళినందుకు బాధగానూ ఉంది. వెళ్ళకపోయి ఉంటే ఆయనకు అడవి పోయిందన్న దుఃఖం ఉండేది. ఇప్పుడు అడవి ఉంది, అందులో తన వాటా కొంత పోయింది. ఈ రెండింటిలో ఏది తేలికో నాకు ఇంకా తెలియదు.

మీరు వెళ్ళేట్టయితే, డిసెంబరు నుంచి ఫిబ్రవరిలోపు, గేటు తెరిచే వేళ కనుక్కుని పొద్దున్నే వెళ్ళండి. వాగు పక్క నీడలో ఒకచోట కదలకుండా అరగంట కూర్చోండి. ఒంటరిగా వెళ్ళకండి. పక్కన కూర్చున్నవాళ్ళను ఏం వినిపిస్తోందో అడుగుతూ ఉండండి.