కళ్లు చెక్కే పని

ఆళ్లగడ్డలో మాది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. చేతులు, నగలు ఎవరైనా చెక్కుతారు. కళ్లు మాత్రం అన్నిటికన్నా చివర, మనసు నిలకడగా ఉన్నవాడే చెక్కాలని మా నాయన కట్టడి. పోయేముందు కళ్లు చెక్కే ఉలి అన్నకు కాదు, నాకిచ్చాడు.

పోయినేడు నాకు పొద్దున్నే లేవబుద్ధి కాకుండా పోయింది. అన్నం మట్టిలా ఉండేది. ఉలి పట్టుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. సోమరితనం అనుకున్నాను. నంద్యాల డాక్టరు దాన్ని డిప్రెషన్ అన్నాడు. మందులు రాసి, ప్రతి వారం కౌన్సెలింగుకు రమ్మన్నాడు.

ఈ సంగతి అన్నకొక్కడికే చెప్పాను. "నాతోనే ఉంటుంది పోరా అబ్బీ" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నాకింకా గుర్తే.

ఆ నెలలోనే పాణ్యం వైపు పల్లె పెద్దలు తాము చెక్కమని చెప్పిన అమ్మవారి విగ్రహం చూసుకోడానికి వచ్చారు. ముఖమంతా నేనే తీర్చాను. కళ్లే మిగిలాయి. అన్న వాళ్ల ముందే అన్నాడు:

"కళ్లు నేను చెక్కుతాలేప్పా. మావాడు నంద్యాలలో పిచ్చి డాక్టరు చుట్టూ తిరుగుతాండాడు."

పెద్దాయన నా ముఖం చూడలేదు, చేతుల వైపు చూశాడు. "అట్లయితే ఈ అబ్బి వద్దులేప్పా, నువ్వే చెక్కు. అమ్మవారితో ఆటలా?"

వాళ్లు పోయినాక, అన్న నా ఉలి తీసుకుంటుంటే అడిగాను. "ఎందుకు చెప్పినావన్నా?"

"ఏందీ, అబద్ధం చెప్పినానా? మనసు నిలకడ ఉండాలని నాయన చెప్పలేదా?"

"నిలకడ కోసమే గదా నేను పోతాండేది!"

"ఆడికి పోయేది మానుకో. ఉలి నీదే."

లోపలి నుంచి వదిన అందుకుంది. "ఆ కౌన్సెలింగు మేడమ్‌తో గంటసేపు ఏం మాట్లాడతావప్పా? మాతో మాట్లాడేదానికి నోరు రాదే!"

"మీతో మాట్లాడితే పాణ్యం దాకా పోయింది గదా వదినా."

తర్వాతి వారం ఇదంతా మేడమ్‌కు చెప్పాను. అంతకుముందు ఆమె అడిగితే తప్ప నోరు విప్పేవాణ్ణి కాదు. "ఇన్నాళ్లూ మీ మనసుకు ఏదీ తగలడం లేదన్నారు. ఇది తగిలింది" అంది. నిజమే. నెలల తర్వాత నాకు నొప్పి తెలిసింది. దానికి అన్నకు దణ్ణం పెట్టాలా? పెట్టను.

అమ్మవారిని ట్రాక్టరు ఎక్కించేటప్పుడు చూశాను. అన్న చెక్కిన ఎడమ కన్ను వెంట్రుకవాసి కిందికుంది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

ఉలి ఇప్పటికీ అన్న దగ్గరే ఉంది. నంద్యాల బస్సు మేం విగ్రహాలు చెక్కే షెడ్డు ముందు నుంచే పోతుంది. ప్రతి వారం షెడ్డు వైపు కిటికీ పక్కనే కూర్చుంటాను, అన్నకు బాగా కనపడేటట్టు.