గంటగోపురం కొండ ఒడిలోకి వచ్చేచోట

ఎలిసియో సికాట్ బెంగ మనిషి. బోర్డులు రాయడం ఆయన వృత్తి. జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండ్ల నుదుట ఊళ్ళ పేర్లు, బేకరీల మీద యజమానుల పేర్లు, పడవల మీద పునీతుల పేర్లు రాసి రాసి ఆయన వేళ్ళకు రంగు వాసన శాశ్వతంగా పట్టేసింది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసుకుంటాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వస్తాడు.

"వదినా, మా అన్నకు నిన్ను కాదు, ఆ తాళాన్నిచ్చి పెళ్ళి చేయాల్సింది. నీ చెయ్యి ఇన్నిసార్లు పట్టుకున్నాడా ఎప్పుడైనా?" అని పక్కింటి దెన్సియో ఆయన భార్య క్లారింగ్‌ను ఆటపట్టిస్తుంటాడు.

అలాంటి మనిషి జన్మలో ఒకే ఒక్కసారి నలుగురిలో గొంతెత్తి 'ఇదిగో, ఇక్కడే' అన్నాడు. ఆ ఒక్క మాటను నమ్ముకుని ఇరవై ఏళ్ళు పైబడి ఒక ఊరంతా కొవ్వొత్తులు వెలిగిస్తోంది.

ఆ ఊరు సాన్ బ్లాస్. ఇప్పుడది నేల కింద ఉంది. పినాతుబో అగ్నికొండ పేలిన నాలుగేళ్ళకు, తొంభై అయిదు అక్టోబరు వానల్లో, కొండవాలున పేరుకున్న బూడిదంతా బురదై కదిలి ఏటి గట్టు దాటి ఊరి మీద పడింది. దాన్ని లాహర్ అంటారు. ప్రాణాలు దక్కినవాళ్ళకు మెరక మీద వరస ఇళ్ళ కాలనీ కట్టించారు. నేల గట్టిపడ్డాక అందరూ కలిసి చూడబోతే కనుచూపు మేర తెల్లటి బూడిద. ఇల్లు లేదు, మామిడిచెట్టు లేదు, ప్రార్థనాలయం లేదు, సమాధుల తోట లేదు. వంతెన పిట్టగోడ మాత్రం మోకాలెత్తున పైకి కనిపిస్తోంది. అవతల పట్నంలో పెద్ద గుడి సగం కూరుకుపోయి, గంటగోపురం ఒక్కటీ నిలబడింది.

మరుసటి ఏడు, పోయినవాళ్ళకు కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ముంచుకొస్తున్న రోజులవి. సిద్రా అవ్వ ఆ బూడిదలో కూలబడి, "నా నోనోంగ్ ఎక్కడున్నాడో చెప్పండయ్యా. బాబ్బాబు, ఎవరైనా చెప్పండయ్యా" అని రెండు చేతులతో నేల చరిచింది. నోనోంగ్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. బళ్ళో వేసిన ఏడాదే జ్వరమొచ్చి పోయాడు. ఆ తల్లి ఏడుపు చూడలేక ఎలిసియో పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. వంతెన దిగి తూర్పుగా వెళితే సమాధుల తోట. ఆ దారిన తన తల్లి శవపేటికకు భుజం పట్టినవాడే కదా, కాళ్ళకు గుర్తుంటుందనుకున్నాడు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని నడిచాడు. ఆగిన చోట వెదురు సిలువ పాతాడు.

తరవాత ఆ వెదురు పోయి సిమెంటు సిలువ వచ్చింది. సిద్రా అవ్వ ఏటా పండుగ దాటిన మర్నాడు, కొబ్బరిపాలల్లో బియ్యం ఉడికించి అరటాకులో చుట్టిన సుమాన్ ఆయన గుమ్మంలో పెట్టి పోతుంది. ఎందుకవ్వా అంటే, "నువ్వు పాతిన సిలువ లేకపోతే నా బిడ్డ దిక్కులేనివాడయ్యేవాడు నాయనా" అంటుంది.

ఈ ఏడు వానలు తగ్గాక కాలనీ చర్చి ఫాదర్ అమాదో ఎలిసియోను పిలిచారు.

"మన పిల్లలు సాన్ బ్లాస్ అంటే ఈ కాలనీయే అనుకుంటున్నారు ఎలిసియో. పాత ఊరు గుడి గోడమీద ఉండాలి. నువ్వే గీయాలి."

"నాకు అక్షరాలొచ్చు ఫాదర్, ఊళ్ళు గీయడం రాదు. తప్పు గీస్తే?"

"అందుకే ఇది తెప్పించాను" అని ఆయన ఒక కాగితం చుట్ట విప్పారు. ఎప్పుడో యాభైల్లో సైన్యం కోసం వేసిన పటానికి నకలు. ఎత్తుపల్లాల గీతలు, ఏర్లు, బండ్లబాటలు, ఒక్కో ఇంటికి ఒక్కో నల్ల చుక్క. ఎలిసియో ముక్కు ఆనించి వెతికితే వాళ్ళ తాతగారి చుక్క దొరికింది. చూపుడువేలు దానిమీద ఆనించి చాలాసేపు తియ్యలేదు. తాత పోయాడు, ఇల్లు పోయింది. చుక్క మాత్రం ఉంది. దేవుడి దగ్గర ఏదీ పోదంటారు, ఇలాగే కాబోలు అనుకున్నాడు.

చిన్న బొమ్మను పెద్ద బోర్డు మీదికి ఎక్కించడానికి బోర్డులవాళ్ళకు ఒక పద్ధతుంది. బొమ్మ మీద చిన్న గళ్ళు గీస్తారు, బోర్డు మీద అన్నే పెద్ద గళ్ళు గీస్తారు. ఇక మొత్తం బొమ్మ చూడకూడదు. ఒక్కో గడిలో ఏముందో అంతే దించాలి. చూస్తే మనసు తనకు తెలిసింది గీసేస్తుంది. ఎలిసియో వాకిట్లో ప్లైవుడ్డు ఆనించి, గడి తరవాత గడి దించుకుంటూ పోయాడు. ఒక గడిలో వంతెన వచ్చింది. నాలుగు గళ్ళు పైన, ఉత్తరాన, ఇంకో వంతెన వచ్చింది.

గళ్ళు తప్పాయనుకుని చెరిపేశాడు. మళ్ళీ గీశాడు. మళ్ళీ రెండే.

అప్పుడు గుర్తొచ్చింది. చెరుకుబండ్ల వంతెన! పంచదార మిల్లుకు పోయే బాటమీద ఉండేది. రెండూ ఒకే మేస్త్రీ కట్టినవి, ఒకే మూస పిట్టగోడలు. సమాధుల తోట గుర్తు, చుక్కల గీత మధ్య చిన్న సిలువ, దక్షిణపు వంతెన పక్కన ఉంది. మరి బూడిదలోంచి తేలిన పిట్టగోడ ఏ వంతెనది?

బోర్డు మీద గీతలు కొట్టే సున్నపు దారం తీసి పటం మీద సమాధుల తోటనుంచి పట్నం గుడిదాకా లాగి పట్టాడు. దారం గుడి దాటి కాగితం అంచుదాకా పోయి, తూర్పున ఉన్న అరాయత్ కొండ గీతలు దట్టమయ్యేచోటికి నేరుగా చేరింది. ఆయనకు ఆ రోజు కళ్ళకు కట్టింది. తల్లిని గుంటలోకి దించుతున్నప్పుడు ఏడుపు ఆపుకోలేక తలెత్తి చూశాడు. అప్పుడు గంటగోపురం సరిగ్గా అరాయత్ రెండు భుజాల మధ్య పల్లంలో, తల్లి ఒళ్ళో బిడ్డలా కనిపించింది. తను పాతిన సిలువ దగ్గర నిలబడితే గోపురం కొండకు కుడిపక్కన ఎక్కడో ఉంటుంది. అది ఏటా చూస్తూనే ఉన్నాడు. బురద తోసి గోపురం ఒరిగిందేమోలే అని ఏటా తనకు తనే చెప్పుకున్నాడు.

మర్నాడు ఒక్కడే, మోటారుసైకిలుకు పక్కతొట్టి కట్టిన ట్రైసికిల్లో పాత ఊరికి వెళ్ళాడు. సిలువ దగ్గరనుంచి గోపురం మీద చూపు తిప్పకుండా రెల్లుగడ్డిలో దక్షిణంగా నడిచాడు. ఒక్కో మడంత దూరం నడిచేకొద్దీ గోపురం కొండవైపు జరిగింది. ప్రభూ, ఇంకొంచెం జరగకుండా ఆపు, నేను పొరబడ్డానని చూపించు అని వేడుకుంటూనే నడిచాడు. గోపురం జరిగి జరిగి కొండ ఒడిలో కూర్చుంది. ఎలిసియో కిందికి చూస్తే కాళ్ళ ముందు పెద్ద గొయ్యి. అవతలి అంచున ఇసుక తవ్వే యంత్రం, లారీలు.

జామచెట్టు నీడలో అన్నం తింటున్న యంత్రం డ్రైవరు చెయ్యి కడుక్కుని లేచి వచ్చాడు. పేరు రూడీ, వేరే జిల్లావాడు. "ఏం పెద్దాయనా, ఎవరికోసం? ఎండకు మొహం అలా పాలిపోయిందేంటి? ముందు నీళ్ళు తాగు."

నీళ్ళు తాగుతూ ఎలిసియో చెట్టు మొదట్లో చూశాడు. అరచెయ్యంత సిమెంటు పలక ముక్క. దాని ముందు ఒక బిస్కట్టు, ఆరిపోయిన సిగరెట్టు.

"అదా? మొన్న బకెట్లో వచ్చింది. ఎవరిదో సమాధి ముక్క, ఎక్కడినుంచో కొట్టుకొచ్చినట్టుంది. పారెయ్యడానికి మనసొప్పలేదు. పోయినాయన కాల్చేవాడో లేదో తెలియదుగా, రెండూ పెట్టా."

పచ్చి సిమెంటు మీద మేకుతో చెక్కిన పేరులో మిగిలిన రెండు అక్షరాలు. ఆ అక్షరాల తోకలు ఎలిసియో ఎరుగును. సాన్ బ్లాస్‌లో సమాధులకు పేర్లు చెక్కింది ఆయన తండ్రే.

"ఇటువైపు ఎప్పుడు తవ్వుతావు బాబూ?" అని ఎలిసియో అడిగాడు.

"పండుగ వెళ్ళిన మర్నాటినుంచి. మీ సిలువ అటుంది కదా, సమాధుల జోలికి పోవద్దని కంట్రాక్టరు ఆ పక్క వదిలేసి ఇటు మొదలెట్టించాడు."

ఇంటికొచ్చి క్లారింగ్‌కు చెప్పాడు. ఆమె చేప పులుసు గరిటె చేతిలోనే ఉంచుకుని విన్నది.

"తాళం మూడుసార్లు లాగి చూస్తావే. ఇది ఒక్కసారి లాగి చూడలేకపోయావా?" అనేసింది. అన్నాక ఆయన మొహం చూసి గరిటె పక్కన పెట్టింది. "తిను ముందు. ఆకలిమీద చెప్పే మాట కాదది."

"సిద్రా అవ్వకు ఏమని చెప్పనే? ఇన్నేళ్ళూ నీ బిడ్డతో కాదు, చెరుకుతోటతో మాట్లాడావని చెప్పనా?"

"చెప్పకపోతే ఆ బిడ్డ లారీ ఎక్కుతాడయ్యా."

అంతలో సిద్రా అవ్వ గొంతే వాకిట్లో వినిపించింది. చంకలో అరటాకుల కట్ట. "ఎలిసియో, పండుగకు ట్రైసికిల్లో నాకు ముందు సీటు ఉంచు నాయనా, వెనక కూర్చుంటే నడుం విరుగుతోంది. ఇదిగో, ఈసారి బెల్లం ఎక్కువ వేస్తాలే, నీకిష్టం కదా." ఎలిసియో చూపు కంచం మీదే ఉంచాడు. తల మాత్రం ఊపాడు.

ఆదివారం జపమాల అయ్యాక బోర్డు గుడిలోకి మోయించాడు. మూర్తుల ముందు నిలబడి, బ్రష్షు పిడితో ఒక్కో వంతెనా చూపించి, పిట్టగోడ సంగతి, గోపురం సంగతి, ఇసుక గొయ్యి సంగతి చెప్పాడు. ఏదీ దాచలేదు.

"అయితే నా మొగుడికి ఇన్నేళ్ళూ చెరుకుతోటలో కొవ్వొత్తులు పెట్టానా?" అని మొదట లేచింది చేపలమ్మే మారింగ్. "నీ మాట నమ్మి! బోర్డులు రాసుకునేవాడివి, నీకెందుకయ్యా సిలువలు పాతడం?"

"పోనీలే మారింగ్, బతికున్నప్పుడు మీ ఆయన ఎప్పుడూ ఆ తోటలోనేగా పడుండేవాడు, జీడిసారా సీసాతో" అన్నాడు దెన్సియో. ఇద్దరు నవ్వారు, ముగ్గురు కసిరారు. ఎలిసియో మాత్రం సిద్రా అవ్వనే చూస్తున్నాడు. ఆమె లేచి బోర్డు దగ్గరికొచ్చి, చూపు ఆనక ఆ చిన్న సిలువ గుర్తుమీద వేలు పెట్టింది.

"ఇదేనా?"

"అదే అవ్వా."

"ఈసారి తప్పు లేదు కదా?"

ఉందేమోనని ఎలిసియోకు అప్పటికీ భయమే. "గోపురం కొండ ఒడిలోనే ఉంది అవ్వా. నువ్వే చూద్దువుగాని" అన్నాడు.

పండుగనాడు ఊరంతా సిలువ దగ్గర ఆగకుండా రెల్లుగడ్డి తొక్కుకుంటూ దక్షిణానికి నడిచింది. సిద్రా అవ్వ ఎలిసియో భుజం పట్టుకుని నడిచింది. గొయ్యి అంచుకు రాగానే తలెత్తింది. కళ్ళు మసకైనా కొండంత కొండ, గోపురమంత గోపురం కనిపించకపోవు.

"నోనోంగ్‌ను దించినప్పుడు నేను కొండ చూడలేదు. వాడి మొహమే చూశాను. అందుకే నాకు తెలియలేదు" అని కూర్చుంది. సుమాన్ విప్పి పెట్టింది. "ఒరేయ్ కన్నా, అమ్మ రెండు మడుల అవతల కూర్చుని అరుస్తుంటే వినపడిందా? వినపడే ఉంటుందిలే. బతికుండగా మూడు వీధుల అవతలనుంచి పిలిచినా పలికేవాడివి."

ఎలిసియో ఆమె వెనక నిలబడి మొహం తిప్పుకున్నాడు.

రూడీ టోపీ తీసి దూరంగా నిలబడ్డాడు. ఫాదర్ దగ్గరికి వెళ్ళి, "కంట్రాక్టరుకు ఫోన్ చేశాను ఫాదర్. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి కొలిచేదాకా యంత్రం అవతలి అంచున పెట్టుకుంటా. తరవాతి మాట నా చేతిలో లేదు" అన్నాడు. ఆ ముక్క పలకను రెండు చేతులతో ఎత్తి తెచ్చి జనం మధ్య పెట్టాడు. అది ఎవరిదో ఎవరికీ తెలియలేదు. అందరూ దానికి తలా ఒక కొవ్వొత్తి పెట్టారు.

బయలుదేరేముందు సిద్రా అవ్వ సంచిలోంచి ఇంకో కొవ్వొత్తి తీసి ఎలిసియో చేతికిచ్చింది.

"ఇది అటు పాత సిలువ దగ్గర వెలిగించు."

"అక్కడెవరూ లేరు అవ్వా."

"ఇన్నేళ్ళూ అక్కడేడిచాను. ఆ నేల నా మాటలన్నీ ఓపిగ్గా విన్నది. ఒక్కసారిగా మానేస్తే బాగుండదు నాయనా."

ఎలిసియో వెళ్ళి వెలిగించాడు. గాలికి ఆరిపోతుందేమోనని కొంత దూరం పోయి, వెనక్కొచ్చి చూసుకున్నాడు. మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చాడు. ఆయన వచ్చేదాకా ట్రైసికిల్లో ముందు సీటు మీద కూర్చున్న సిద్రా అవ్వ బండి కదలనివ్వలేదు.